కారులో యాంప్లిఫయర్ పెడుతున్నారా? ముందు వైరింగ్‌ను కాగితం మీద గీసుకోండి

కారు స్టీరియో మార్చాలనుకున్నప్పుడు స్పీకర్లు ఏవి కొనాలి, యాంప్లిఫయర్ ఎన్ని వాట్లది తీసుకోవాలి అని మనం రోజుల తరబడి వెతుకుతాం. వైరింగ్ సంగతి మాత్రం సామాన్లన్నీ ఇంటికొచ్చాక గుర్తొస్తుంది. అప్పుడు చేతికి దొరికిన కిట్ ఒకటి కొనేసి, దొరికిన దారిలో లాగేస్తాం. ఈ పనిలో అసలు ప్రమాదం ఉన్నది ఆ వైరులోనే. షార్ట్ అయితే కారు బ్యాటరీ ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు వదిలేస్తుంది. ఆ వైరు వెళ్లేది మీ కాళ్ల కింద, కార్పెట్ అడుగున. అందుకే నేను చెప్పే వరుస తలకిందులుగా అనిపించవచ్చు: ముందు లెక్క, తర్వాత బొమ్మ, ఆ తర్వాత కొలత, చివర్లో కొనుగోలు.

మొదలుపెట్టే ముందు ఒక మాట. మీది హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు తొడుగున్న కేబుళ్ల దగ్గరకు వెళ్లకండి. అవి ప్రాణాంతకమైన వోల్టేజీవి. కింద చెప్పేదంతా మామూలు 12 వోల్టుల వ్యవస్థ గురించే.

1. ఎంత కరెంటు కావాలో లెక్క వేయండి

యాంప్లిఫయర్ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసే "మ్యాక్స్ పవర్" అంకెను పక్కన పెట్టండి. మనకు కావలసింది ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే అది ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. యాంప్లిఫయర్ తీసుకున్న కరెంటంతా శబ్దంగా మారదు, కొంత వేడిగా పోతుంది. పూర్తి శక్తి మీద క్లాస్ ఏబీ రకం తీసుకున్న దానిలో దాదాపు 60 శాతం, క్లాస్ డీ రకం దాదాపు 80 శాతం స్పీకర్లకు ఇస్తాయని అనుకుంటే లెక్క సరిపోతుంది.

ఒక ఉదాహరణ పెట్టుకుని చివరిదాకా దాన్నే పట్టుకుందాం. తలుపు స్పీకర్లకు ఒక్కో ఛానెల్‌కు 60 వాట్లిచ్చే నాలుగు ఛానెళ్ల క్లాస్ ఏబీ యాంప్ ఒకటి. సబ్‌వూఫర్‌కు, అంటే బేస్ మోగించే పెద్ద స్పీకర్‌కు, 400 వాట్ల క్లాస్ డీ మోనో (ఒకే ఛానెల్) యాంప్ ఇంకొకటి.

నాలుగు ఛానెళ్లకు కలిపి 240 వాట్లు. దాన్ని 0.6తో భాగిస్తే 400 వాట్లు. ఇంజన్ నడుస్తున్నప్పుడు వోల్టేజీ 13.5 అనుకుంటే సుమారు 30 ఆంపియర్లు. మోనో యాంప్‌కు 400ను 0.8తో భాగిస్తే 500 వాట్లు, అంటే 37 ఆంపియర్లు. మొత్తం 67.

ఈ లెక్క సరిగ్గానే వచ్చిందా అని చూసుకోవడానికి తేలికైన దారి ఉంది. యాంప్ పక్కన గుచ్చి ఉండే ఫ్యూజుల అంకెలు కూడండి. నాలుగు ఛానెళ్ల దానికి 20వి రెండు, మోనోకు 25వి రెండు ఉన్నాయంటే మన లెక్క దారిలోనే ఉన్నట్టు. డబ్బా మీద 2000 వాట్లని ఉండి, ఫ్యూజు ఒక్కటే, అదీ 30 ఆంపియర్లది ఉంటే, ఆ 2000 నిజం కాదని ఆ ఫ్యూజే చెబుతోంది.

2. వైరు ఎంత మందం ఉండాలి

వైరు సన్నగా ఉంటే రెండు నష్టాలు. యాంప్ దగ్గరకు చేరేసరికి వోల్టేజీ పడిపోతుంది. పడిపోయిన ఆ వోల్టేజీ వైరులోనే వేడిగా మారుతుంది. ఎంత పడుతుందో మీరే లెక్కించుకోవచ్చు. రాగి వైరుకు 0.0172ను పొడవుతో (మీటర్లలో), ఆంపియర్లతో గుణించి, వైరు అడ్డకోత వైశాల్యంతో (చదరపు మిల్లీమీటర్లలో) భాగించండి. వచ్చిన అంకే వోల్టేజీ నష్టం.

బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు అనుకుందాం. 8 గేజ్ వైరు అంటే దాదాపు 8.4 చదరపు మిల్లీమీటర్లు. దానిలో 67 ఆంపియర్లు పారితే సుమారు 0.7 వోల్టులు పోతాయి. వినడానికి చిన్నదే. కానీ 0.7ను 67తో గుణించండి, దాదాపు 47 వాట్లు. ఒక సోల్డరింగ్ ఐరన్ పుట్టించేంత వేడి అది, మీ కార్పెట్ కింద ఆ వైరు పొడవునా. అదే 4 గేజ్ అయితే, అంటే దాదాపు 21 చదరపు మిల్లీమీటర్లయితే, నష్టం 0.27 వోల్టులకు దిగుతుంది. మన ఉదాహరణకు 4 గేజ్ సరైనది. ప్లస్ వైరు, ఎర్త్ (యాంప్ మైనస్ నుంచి కారు బాడీకి కలిపే వైరు) రెండూ కలిపి అర వోల్టు లోపు ఉంచుకోండి. గేజ్ పద్ధతిలో అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుందని మరిచిపోకండి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. చవక కిట్లలో వైరు చూడ్డానికి లావుగానే ఉంటుంది, కానీ లోపల అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. దీన్నే సీసీఏ అంటారు. అదే మందంలో దాని నిరోధం రాగికన్నా దాదాపు 1.6 రెట్లు ఎక్కువ. మన ఉదాహరణలో 0.27 కాస్తా 0.44 అవుతుంది. పైగా కొన్ని వైర్ల మీద ఇన్సులేషనే లావు, లోహం తక్కువ. పోగు ఒకటి తీసి చాకుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అది సీసీఏ. అది వాడకూడదని కాదు. వాడితే 4 గేజ్ బదులు 2 గేజ్ తీసుకోవాలి, లగ్గులు (వైరు కొసకు తొడిగి నొక్కే లోహపు ముక్కలు) గట్టిగా నొక్కించాలి, తడి తగిలే చోట ఉంచకూడదు. నా మట్టుకు నేను ప్లస్ వైరుకు, ఎర్త్‌కు అచ్చమైన రాగే వాడతాను. డబ్బు తగ్గించుకోవాలంటే యాంప్‌లో తగ్గిస్తాను గానీ ఇందులో కాదు.

3. కారు అంత కరెంటు ఇవ్వగలదా?

ఇంజన్ నడుస్తున్నప్పుడు కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్. దాని మీద గాని, కారు మాన్యువల్‌లో గాని దాని రేటింగ్ ఉంటుంది. అది 90 ఆంపియర్లనుకోండి. హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్, ఇంజన్ కంప్యూటర్ అన్నీ కలిపి అందులో పెద్ద వాటానే తినేస్తాయి. ఇంజన్ ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ పూర్తి రేటింగ్ ఇవ్వలేదు కూడా. మరి 67 ఎక్కడి నుంచి తేవాలి?

టెన్షన్ పడనక్కర్లేదు. పాట ఒకే స్థాయిలో ఉండదు, దరువు పడ్డప్పుడే కరెంటు ఎగిసి, వెంటనే దిగిపోతుంది. గట్టిగా విన్నా సగటు వాడకం పూర్తి లెక్కలో మూడో వంతు దగ్గర ఉంటుందని అనుకోవచ్చు, అంటే మనకు 22 ఆంపియర్ల చుట్టుపక్కల. 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్ దీన్ని మోయగలదు. ఆగకుండా బేస్ మోగే పాటలే వినేవాళ్లు ఇంకొంచెం ఎక్కువ వేసుకోవాలి.

బేస్ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతుంటే ముందు చూడాల్సింది బ్యాటరీ వయసు, తర్వాత మూడు వైర్లు: ఆల్టర్నేటర్ ప్లస్ నుంచి బ్యాటరీ ప్లస్‌కు, బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి, ఇంజన్ నుంచి బాడీకి. ఈ మూడింటికీ తోడుగా లావు వైర్లు వేస్తే చాలా కార్లలో తేడా కనిపిస్తుంది. ఆల్టర్నేటర్ వైరుకు ఫ్యూజు తప్పనిసరి.

ఇలాంటప్పుడు చాలామంది కెపాసిటర్ కొనమంటారు. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కు దిగేలోపు ఇచ్చే శక్తి 26 జౌళ్లు. 500 వాట్లు లాగే యాంప్‌కు అది సెకనులో ఇరవయ్యో వంతు వస్తుంది. అది ఎక్కడి నుంచో కొత్తగా కరెంటు తేలేదు, ఆల్టర్నేటరే మళ్లీ దాన్ని నింపాలి. ఆ డబ్బు పైన చెప్పిన మూడు వైర్లకు పెట్టండి.

4. బొమ్మ గీసి, తాడుతో కొలవండి

కారును పైనుంచి చూస్తున్నట్టు ఒక కాగితం మీద గీయండి. బ్యాటరీ, స్టీరియో, యాంప్‌లు, స్పీకర్లు ఎక్కడెక్కడో గుర్తుపెట్టండి. యాంప్ చోటు ముందే తేల్చుకోవాలి. దాని చుట్టూ గాలి ఆడాలి, తడి తగలకూడదు. సబ్‌వూఫర్ పెట్టె మీద బిగించకండి, ఆ అదురుకు లోపలి అతుకులు వదులవుతాయి. సీటు కింద పెడితే సీటును ముందుకూ వెనక్కూ పూర్తిగా జరిపి, పట్టాలకు ఏ వైరూ చిక్కడం లేదని చూసుకోండి.

ఇప్పుడు మూడు రంగుల పెన్నులతో దారులు గీయండి. ప్లస్ వైరు బ్యాటరీ ఉన్న పక్కనే తలుపు గడప పట్టీ కింద వెనక్కి పోతుంది. ఆర్‌సీఏ కేబుళ్లు, అంటే స్టీరియో నుంచి యాంప్‌కు పాట సిగ్నల్ మోసేవి, రెండో పక్క నుంచి. స్పీకర్ వైర్లు ఏ పక్కవి ఆ పక్కన. ప్లస్ వైరు, ఆర్‌సీఏ కేబుల్ పక్కపక్కనే పోతే ఇంజన్ వేగంతో పాటు పెరిగే సన్నని ఈల స్పీకర్లలో దూరవచ్చు. రెండూ దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

ఇంజన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న ఇనుప గోడ ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు. కంపెనీ వైరింగ్ వచ్చే పెద్ద రబ్బరు గ్రోమెట్‌లోనో (రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు చుట్టు), వాడకుండా మూసి ఉన్న రంధ్రంలోనో దారి దొరుకుతుందేమో చూడండి. కొత్త రంధ్రం చేయక తప్పకపోతే ముందు రెండు వైపులా ఏముందో చేత్తో తడిమి చూసి, రంధ్రం అంచుకు పెయింట్ పూసి, గ్రోమెట్ తొడగాలి. తొడుగు లేని ఇనుప అంచు మీద వైరు ఎంత మెత్తగా ఆనినా, ఇంజన్ అదురుకు కొన్ని నెలల్లో ఇన్సులేషన్ కోసుకుపోతుంది. లోపలికి వచ్చాక పెడళ్లకు, స్టీరింగ్ కడ్డీకి దూరంగా కట్టేయండి. పసుపు రంగు తొడుగో, కనెక్టరో కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ వైరింగ్. దాన్ని విప్పకండి, మల్టీమీటరు పెట్టకండి, మీ వైరును దానికి కట్టకండి.

దారి తేలాక ఒక తాడు తీసుకుని నిజంగా ఆ దారినే పరిచి చూడండి. కంటితో 4 మీటర్లు అనుకున్నది వంపులన్నీ తిరిగేసరికి 5 దాటుతుంది. తాడు కొలతకు అర మీటరు కలిపి రాసుకోండి. మిగిలిన వైరును చుట్టగా చుట్టి వదలకండి, సరిపడా కోసేయండి.

5. ఫ్యూజు వైరును కాపాడటానికే

"యాంప్‌లో ఫ్యూజులున్నాయి కదా, మళ్లీ ఇంకోటి ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. యాంప్‌లో ఉన్నది యాంప్ లోపలి లోపానికి. దారిలో వైరు ఎక్కడ ఇనుముకు తగిలినా కరెంటు యాంప్ దాకా రానే రాదు, మధ్యలోనే బాడీలోకి దూకుతుంది. అప్పుడు ఆపగలిగేది బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఒక్కటే. అది బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఎంత దగ్గరైతే అంత మంచిది, ఎందుకంటే ఫ్యూజుకు ముందున్న ముక్కకు ఏ కాపలా ఉండదు. ఆ ముక్కకు గట్టి స్లీవ్ తొడగండి.

ఫ్యూజు అంకెను వైరు ఓర్చుకోగలిగిన కరెంటు దాటనివ్వకూడదు. ఇది మాత్రం రాజీలేని నియమం. మంచి రాగి 4 గేజ్‌కు 100 ఆంపియర్ల లోపు, 8 గేజ్‌కు 50 లోపు పెట్టుకుంటే నిశ్చింత. మన ఉదాహరణలో మెయిన్ ఫ్యూజు 80. ఏఎన్‌ఎల్ లేదా మినీ ఏఎన్‌ఎల్ అనే పెద్ద ఫ్యూజు రకం, మూత ఉన్న హోల్డర్‌లో.

డిక్కీలో 4 గేజ్ వైరు డిస్ట్రిబ్యూషన్ బ్లాక్‌లోకి వచ్చి, అక్కణ్నించి రెండు 8 గేజ్ వైర్లుగా చీలుతుంది. వైరు సన్నబడిన ప్రతి చోటా కొత్త ఫ్యూజు కావాలి. 80 ఫ్యూజు 8 గేజ్‌ను కాపాడలేదు కాబట్టి ఫ్యూజులున్న బ్లాకే తీసుకుని, నాలుగు ఛానెళ్ల వైపు 40, మోనో వైపు 50 పెట్టండి. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని చోట పెద్దది గుచ్చడం, తీగ చుట్టడం ఎన్నడూ చేయకండి. అది ఎందుకు పోతోందో వెతకండి.

6. ఎర్త్: సగం ఫిర్యాదులు ఇక్కడివే

నేను మొదటిసారి బిగించినప్పుడు ఎర్త్ లగ్‌ను పెయింట్ మీదే బోల్టుతో నొక్కేశాను. పాట మెల్లగా ఉంటే బాగానే మోగేది. వాల్యూమ్ పెంచితే యాంప్ ఆగిపోయి, ఎర్ర లైటు వెలిగేది. యాంపే పాడైందనుకుని రెండు వారాలు తిరిగాను. చివరికి మీటరు పెట్టి చూస్తే ఆ ఒక్క అతుకు దగ్గరే ఒకటిన్నర వోల్టు పోతోంది. పెయింట్ గీకి బిగించాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

కాబట్టి ఎర్త్ వైరు ప్లస్ వైరంత మందంగా, అర మీటరు లోపు పొడవుతో ఉండాలి. బాడీలో గట్టి, మందమైన భాగం ఎంచుకుని, లగ్ ఆనేంత మేర పెయింట్, ప్రైమర్ రెండూ గీకి ఇనుము మెరిసేలా చేయండి. పళ్ల వాషర్ వేసి, బోల్టు, నట్టుతో బిగించండి. బిగించాక పైన పెయింటో గ్రీజో పూస్తే తుప్పు పట్టదు. సీటు బెల్టు బోల్టును ఎర్త్‌కు వాడకండి, అది ప్రాణాలు కాపాడేందుకు ఉన్న బోల్టు. రంధ్రం చేసేముందు కారు కిందకు వంగి చూడండి, పెట్రోల్ ట్యాంకు, ఇంధన గొట్టాలు, బ్రేకు గొట్టాలు నేల అడుగునే పోతాయి. రెండు యాంప్‌ల ఎర్త్ ఒకే చోట కలిపితే గరగరలు తగ్గుతాయి.

డిక్కీ నుంచి బ్యాటరీ మైనస్ దాకా నేరుగా వైరు లాగుదామని కొందరికి అనిపిస్తుంది. చాలా కొత్త కార్లలో మైనస్ టెర్మినల్ మీద చిన్న కరెంటు సెన్సార్ ఉంటుంది. దాన్ని తప్పించి టెర్మినల్‌కే నేరుగా కలిపితే ఛార్జింగ్ లెక్క తప్పుతుంది. బాడీకి కలపడమే మేలు.

7. సిగ్నల్, రిమోట్, స్పీకర్ వైర్లు

కంపెనీ స్టీరియోనే ఉంచుకుంటే దానికి ఆర్‌సీఏ సాకెట్లు ఉండకపోవచ్చు. అప్పుడు స్పీకర్ వైర్లనే తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న యాంప్ గాని, మధ్యలో లైన్ అవుట్ కన్వర్టర్ (స్పీకర్ సిగ్నల్‌ను ఆర్‌సీఏకు మార్చేది) గాని చూసుకోండి.

రిమోట్ వైరు యాంప్‌ను మేల్కొలిపేది. విడిగా కొనే స్టీరియోల్లో సాధారణంగా నీలం మీద తెల్ల చార ఉంటుంది. 18 గేజ్ చాలు. యాంప్‌లు రెండు మూడు ఉన్నా, ఫ్యాన్ కూడా దానికే కలపాలనుకున్నా, స్టీరియో ఆ చిన్న అవుట్‌పుట్‌తో అంత భారం మోయలేకపోవచ్చు. మామూలు కారు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) వాడండి. దాని పిన్నుల మీద అంకెలుంటాయి: 86కు స్టీరియో రిమోట్ వైరు, 85కు ఎర్త్, 30కు చిన్న ఫ్యూజు మీదుగా ప్లస్, 87 నుంచి యాంప్‌లకు. 85, 86 మధ్య 1ఎన్4007 డయోడ్‌ను చార 86 వైపు ఉండేలా కలిపితే రిలే ఆగేటప్పుడు పుట్టే ఎదురు వోల్టేజీ స్టీరియోను తాకదు.

తలుపు స్పీకర్లకు 16 గేజ్, సబ్‌వూఫర్‌కు 12 గేజ్ సరిపోతాయి. తలుపులోకి వెళ్లేటప్పుడు రబ్బరు గొట్టంలోంచే పోనివ్వండి. సబ్‌వూఫర్ కొనేముందే ఓమ్‌ల లెక్క కాగితం మీద చూసుకోండి. రెండు 4 ఓమ్ కాయిళ్లున్న సబ్‌ను సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు, వరుసగా కలిపితే 8. మీ యాంప్ కనిష్ఠంగా ఎంత తట్టుకోగలదో దాని మాన్యువల్‌లో ఉంటుంది, అంతకన్నా కిందకు పోకూడదు.

8. బిగించే రోజు

పాత స్టీరియోకు సెక్యూరిటీ కోడ్ ఉంటే ముందే రాసి పెట్టుకోండి. ఉంగరం, గొలుసులాంటివి తీసేయండి. బ్యాటరీ మైనస్ మొదట విప్పాలి, చివర కలపాలి. ముందు ప్లస్ విప్పబోతే పానా బాడీకి తగిలిన క్షణంలో నిప్పురవ్వలు లేస్తాయి. మెయిన్ ఫ్యూజు హోల్డర్‌లో పెట్టకుండా జేబులో ఉంచుకోండి, పని మొత్తం అయ్యేదాకా.

వైర్లు లాగి, లగ్గులు నొక్కి, అన్నీ బిగించాక ఈ వరుసలో చూడండి:

1. ఫ్యూజు లేకుండా, యాంప్‌లకు ఇంకా కలపకుండా, ప్లస్ వైరుకూ బాడీకీ మధ్య మీటరుతో నిరోధం చూడండి. తెగి ఉన్నట్టే చూపాలి. కొద్దిపాటి ఓమ్‌లు చూపినా వైరు ఎక్కడో తగులుతోంది, ముందుకు పోకండి.

2. ఒక్కో స్పీకర్ వైరుకూ బాడీకీ మధ్య కూడా అలాగే చూడండి.

3. యాంప్‌లు కలపండి, బ్యాటరీ మైనస్ కలపండి, అప్పుడు మెయిన్ ఫ్యూజు గుచ్చండి. యాంప్ లోపలి కెపాసిటర్లు నిండుతూ చిన్న రవ్వ రావచ్చు, అది మామూలే.

4. గెయిన్ పూర్తిగా తగ్గించి స్టీరియో ఆన్ చేయండి. యాంప్ టెర్మినల్ దగ్గర వోల్టేజీ, బ్యాటరీ దగ్గర వోల్టేజీ రెండూ రాసుకోండి.

5. ఇంజన్ నడుస్తుండగా గట్టిగా పాట పెట్టి మళ్లీ కొలవండి. రెండింటి తేడా అర వోల్టు దాటితే ఎక్కడో అతుకు సరిగా లేదు. యాంప్ ఎర్త్ టెర్మినల్‌కూ, గీకిన బాడీ ఇనుముకూ మధ్య 0.1 వోల్టు కన్నా తక్కువ ఉండాలి.

గెయిన్ వాల్యూమ్ నాబ్ కాదు, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కు యాంప్‌ను సరిపెట్టే స్క్రూ. స్పీకర్లు విప్పి, స్టీరియోను ముప్పావు వాల్యూమ్‌లో ఉంచి, టెస్ట్ టోన్ పెట్టి (సబ్‌కు 50 హెర్ట్జ్, తలుపు స్పీకర్లకు 1000), గెయిన్‌ను మెల్లగా పెంచుతూ యాంప్ అవుట్‌పుట్‌లో ఏసీ వోల్టేజీ చూడండి. ఎంత రావాలంటే, వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయండి. 60 వాట్లు, 4 ఓమ్‌లకు 15.5 వోల్టులు. 400 వాట్లు, 2 ఓమ్‌లకు 28.3. అక్కడ ఆపేయండి.

కారు ఆపి, తాళం వేసి, యాంప్‌లు నిజంగా నిద్రపోయాయో లేదో చూడండి. కారు పూర్తిగా సద్దుమణిగాక బ్యాటరీ నుంచి పోయే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే రిమోట్ వైరు ఎప్పుడూ కరెంటుండే చోట కలిసిందేమో వెతకండి.

ఆ రోజే ఒక గంట పాట వింటూ నడిపి, ఆగి, ఫ్యూజు హోల్డర్‌నూ, ఎర్త్ లగ్‌నూ వేళ్లతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడ బిగింపు చాలలేదు. రెండు మూడు వారాల తర్వాత బోల్టులన్నీ మరోసారి బిగించండి, కొత్త రాగి పోగులు స్క్రూ కింద కాస్త అణగుతాయి. మొదట్లో గీసిన కాగితం మీద ఫ్యూజుల అంకెలు, వైరు దారులు నిజంగా ఎలా వచ్చాయో దిద్ది, కారు మాన్యువల్‌లో పెట్టేయండి. రేపు ఆ కారు మీద పనిచేసే మెకానిక్ డ్రిల్ ఎత్తేముందు దాన్ని అతని చేతికివ్వండి.